మా ఆటోనగర్ వీధులకు పేర్లు పెట్టే పెద్దలకు

విజయవాడలో వీధుల పేర్ల సంగతి చూసే నగరపాలక పెద్దలకు, జవహర్ ఆటోనగర్ పారిశ్రామిక వాడ బాధ్యులకు,

నమస్కారం.

మా వీధి మొదట్లో రెండు ఇనుప కాళ్ల మీద ఒక కొత్త బోర్డు నిలబెట్టారు. రంగు వేశారు, అంచులు దిద్దారు, పేరు మాత్రం రాయలేదు. ఎవరి పేరు రాయాలన్నది ఇంకా తేలలేదట. టీ కొట్టు దగ్గర ఇప్పటికి ముగ్గురు నాయకుల పేర్లు విన్నాను. ముగ్గురూ పెద్దవాళ్లే. ముగ్గురిలో ఎవరైనా ఈ వీధిలో అడుగుపెట్టినట్టు ఒక్కరికీ గుర్తులేదు. మూడో పేరు మోసుకొచ్చినాయనే చివరికి, "ఏదో ఒకటి రాయనివ్వండి సార్, మనం ఎలాగూ ఆ పేరుతో పిలవం కదా" అన్నాడు. ఆ మాటకు అక్కడున్న వాళ్లందరూ నవ్వారు గాని, కాదన్నవాడు లేడు.

నేను కోరేది పెద్ద విషయం కాదు. బోర్డు మీద మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. దాని కింద, అంతే పెద్ద అక్షరాలతో, జనం పిలిచే పేరు కూడా రాయండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు చేర్చండి. ఇంత చిన్న కోరికకు ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటే, ఆ రెండు వాక్యాలు చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్లు చెబితే రాసుకునే పుస్తకం ఎక్కడా లేదు.

నేనెవరినో చెప్పాలి కదా. మా నాన్న లారీ తొట్లు కట్టిన వడ్రంగి. నేను ఆటోనగర్‌లో ఒక విడిభాగాల షాపులో లెక్కలు రాస్తాను, కాపురం పటమటలో. చరిత్రకారుణ్ణి కాను. కాని బిల్లుల మీద చిరునామాలు రాయడం నా రోజువారీ పని. ఏ పేరు జనం నోట నిలబడిందో, ఏ పేరు కాగితం మీదే మిగిలిపోయిందో నాకు తెలిసినంతగా ఏ ఆఫీసులోనూ తెలియదని కాస్త ధీమాగానే చెప్పగలను.

ముందు మన ఊరి పెద్ద రోడ్ల సంగతి చూడండి. మహాత్మాగాంధీ రోడ్డుకు పోనిమ్మని ఆటో డ్రైవరుకు చెప్పండి. ఒక్క క్షణం ఆలోచించి, "బందరు రోడ్డేనా?" అని తిరిగి అడుగుతాడు. గాంధీగారి మీద ఎవరికీ కోపం లేదు. ఆ రోడ్డు బందరు వెళుతుంది, అంతే. ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు. కమ్యూనిస్టులకు అంత పట్టున్న బెజవాడలో సైతం, ఎర్రజెండా పట్టుకున్న కార్యకర్త కూడా ఊరేగింపు ఏలూరు రోడ్డు మీదుగా వెళుతుందనే చెబుతాడు. అలంకార్ సెంటరు, విజయా టాకీస్ సెంటరు, పాల ఫ్యాక్టరీ, పైపుల రోడ్డు: వీటిలో ఒక్కటీ తీర్మానం చేసి పెట్టిన పేరు కాదు. సినిమా హాలు ఉన్నచోట సినిమా హాలు పేరు, పాలు శుద్ధి చేసే చోట పాల పేరు, నీళ్ల గొట్టాలు వేసిన దారికి గొట్టాల పేరు.

గుణదల వైపు వెళితే పడవల రేవు వస్తుంది. అక్కడ ఇప్పుడు ఆగేవి ఆటోలు, బస్సులు. కృష్ణా డెల్టా కాలువలే ఒకనాడు సరుకు రోడ్లు. రైలు కొంత, లారీ మిగతాది లాక్కున్న తర్వాత పడవలు పోయాయి, పేరు నిలిచింది. పడవ పేరు నిలిచినందుకు నాకు సంతోషమే. అయితే ఆ రేవులో బస్సు ఎక్కే కాలేజీ పిల్లల్ని పడవల రేవు అని ఎందుకన్నారో అడిగి చూడండి. కాలువ పక్కనే ఉంది, అయినా ఆ పేరుకూ ఆ నీళ్లకూ ముడి వేసి చెప్పినవాళ్లు వాళ్లకు లేరు.

గుంటూరు వెళ్లినా ఇదే వరస. అరండల్‌పేట, బ్రాడీపేట అంటే ఆంగ్లేయ దొరల పేర్లు. ఆ దొరలెవరో గుంటూరువాళ్లకు పట్టదు. కాని బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెప్పండి, కళ్లు మూసుకుని తీసుకెళతారు. నేను అంకెలకు వ్యతిరేకిని కానని చెప్పడానికే ఈ మాట. అంకె కూడా జనం నోట పండితే మంచి పేరే. మా ఆటోనగర్‌లో మాత్రం అంకెలు పండలేదు. ఎందుకు పండలేదో చెప్పాలంటే ఈ వాడ పుట్టుక దగ్గరకు వెళ్లాలి.

బెజవాడ దారులు కలిసే చోటు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రహదారి, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రహదారి ఇక్కడే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పాత లెక్కలో అవి ఐదో నంబరు, తొమ్మిదో నంబరు జాతీయ రహదారులు, ఇప్పటి లెక్కలో 16, 65. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయి దాని మీద రోడ్డు వచ్చాక కృష్ణ దాటడం లారీకి తేలికైంది. గుంటూరు మిర్చి, పొగాకు, డెల్టా బియ్యం, నూజివీడు మామిడి ఈ ఊరి మీదుగానే నాలుగు దిక్కులకూ పోయేవి. లారీ ఆగిన చోట మెకానిక్కు పుడతాడు. ఊళ్లో రోడ్ల పక్కన, చెట్ల నీడన, ఇళ్ల అరుగుల ముందు ఇంజిన్లు విప్పి పరుచుకుని పని చేసేవారు. ఊరు ఇరుకైంది, అటు ఇళ్లవాళ్లకూ ఇటు పనివాళ్లకూ ఊపిరాడలేదు. తమకంటూ ఊరి బయట ఒక చోటు కావాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

అలా 1966లో వెలసింది జవహర్ ఆటోనగర్. సుమారు 275 ఎకరాల వాడ. ఆసియాలో ఇంత పెద్దది లేదని మావాళ్లు ఛాతీ విరుచుకుని చెబుతారు. కొలిచి చూపమని నేనెప్పుడూ అడగలేదు, అడిగితే టీ ఇప్పించడం మానేస్తారు. పరిశ్రమలకు స్థలాలిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఏర్పడింది 1973లో. అంటే వయసులో ఈ వాడే దానికన్నా పెద్దది. ఆ తర్వాత గుంటూరుకు ఒక ఆటోనగర్ వచ్చింది, నెల్లూరుకు వచ్చింది, గాజువాకకు వచ్చింది, హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర వచ్చింది. ఇప్పుడు తెలుగునాట ఏ పట్టణానికి వెళ్లినా లారీలు బాగుచేసే వాడ ఎక్కడ అని ఎవరూ అడగరు, ఆటోనగర్ ఎక్కడ అని అడుగుతారు.

జవహర్ అన్నది నెహ్రూగారి పేరు. ఆయన 1964 మే నెలలో పోయారు, రెండేళ్లకు పుట్టిన వాడకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ కాలంలో అది సహజం. ఈ రోజు ఆ మొదటి సగం బిల్లు పుస్తకాల మీద, రిజిస్ట్రేషను కాగితాల మీద తప్ప వినపడదు. మన బస్టాండుకు కూడా పండిట్ నెహ్రూ పేరే ఉంది, బస్టాండు అనే అంటాం. అంత పెద్దాయన పేరుకే నోటి దగ్గర చోటు దొరకలేదంటే, ఈ తరం నాయకుల పేర్లు మా అడ్డరోడ్ల మీద ఎంతకాలం బతుకుతాయో మీరే ఊహించండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆటోనగర్ పుట్టినప్పుడు పటమట విజయవాడలో భాగం కాదు. విజయవాడ 1888లో మునిసిపాలిటీ, 1981లో కార్పొరేషను. పటమట, గుణదల, భవానీపురం లాంటి ఊళ్లు ఆ తర్వాత నగరంలో కలిశాయి. అంటే ఈ వాడ ఇళ్ల మధ్యకు వచ్చి కూర్చోలేదు. పొలాల మధ్య ఉంటే ఇళ్లే దాన్ని చుట్టుకుంటూ వచ్చాయి. "ఇళ్ల మధ్య ఈ సుత్తి మోత ఏమిటి" అని అపార్టుమెంటు బాల్కనీలో నిలబడి విసుక్కునేవాళ్లకు ఈ వరస తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, చెప్పే బోర్డు లేదు. నిజానికి వాళ్ల ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. నేనూ ఆ ఇళ్లలోనే ఉంటాను. రంగు పిచికారీ చేసే రోజున కిటికీలు మూసుకుంటాం, వానాకాలం కాలువలో నీళ్ల మీద నూనె తెట్టు చూస్తాం. ఆ సమస్యకు వేరే ఉత్తరం రాయాలి. కాని ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తెలిసి మాట్లాడుకుంటే ఆ తగాదా సగం చల్లారుతుంది.

మీలో ఎవరైనా కొత్త చాసిస్ ఆటోనగర్ గేటు దాటి లోపలికి రావడం చూశారా? జంషెడ్‌పూరు నుంచో, మద్రాసు పక్కన ఎన్నూరు నుంచో బయలుదేరేది. ముందు ఇంజిను, వెనక రెండు పొడుగాటి ఇనుప దూలాలు, కింద చక్రాలు. తలుపు లేదు, పైకప్పు లేదు. ఒక చెక్క పెట్టె మీద గోనెపట్టా వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని డ్రైవరు ఎండా వానా తినుకుంటూ నడుపుకొచ్చేవాడు. గేటు దగ్గర దిగగానే మొదట అడిగేది నీళ్లు. రెండోది, ఫలానా మేస్త్రి షెడ్డు ఎక్కడ అని.

ఆ ఎముకల గూడును లారీ చేసేది మా వాడ. వెల్డరు మొదలుపెడతాడు. తర్వాత వడ్రంగి. క్యాబిను కట్టేవాళ్లు వేరు, తొట్టి కట్టేవాళ్లు వేరు. తొట్టి అంటే నాలుగు పలకలు బిగించడం అనుకునేరు. మిర్చి టిక్కీలు ఎక్కించే తొట్టి వేరు, ఇసుక పోసే తొట్టి వేరు, పశువులను తోలే తొట్టి వేరు. ఏ సరుకు మోస్తుందో అడగకుండా మా నాన్న కొలత తీసేవాడు కాదు. వెనక తలుపు గొలుసు ఎన్ని కొక్కేలకు పట్టాలి, దూలానికీ కర్రకూ మధ్య ఏమి వేస్తే ఎగుడుదిగుడు రోడ్డు మీద మోత తగ్గుతుంది, ఇదంతా నోటి లెక్క. ఆయన కాగితం మీద గీత గీయగా నేను చూడలేదు, గీసిందంతా నేల మీద సుద్దముక్కతోనే. రేకు పని టింకరింగ్ వాళ్లది. ఆ తర్వాత లప్పం, రంగు. సీట్లు కుట్టేవాళ్లు, టార్పాలిన్ పట్టాలు కుట్టేవాళ్లు, లైట్లకు వైర్లు లాగేవాళ్లు. ఆఖరికి పెయింటరు వచ్చి నుదుట దేవుడి పేరు, వెనక యజమాని పిల్లల పేర్లు రాసేవాడు. దుర్గమ్మ కొండ కింద చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాక గాని అది లారీ అయినట్టు కాదు.

పాత బళ్లది మరో లోకం. కమాన్ కట్టలు, అంటే బండి కుదుపు తట్టుకునే ఇనుప పట్టీలు, విరిగితే కొలిమిలో కాల్చి వంపు తిప్పేవాళ్లు, రేడియేటర్లకు మాటు వేసేవాళ్లు, డీజిల్ పంపులు సరిచేసేవాళ్లు, అరిగిన ఇంజినుకు బోరు కొట్టే లేత్‌లు, ఇక పనికిరాదన్న బండిని విప్పి ఏ ముక్కకు ఆ ముక్క అమ్మే పాత ఇనుము కొట్లు. ఒక్కో పని చేసేవాళ్లు ఒక్కో వరసలో చేరారు, ఎందుకంటే ఒకరి దగ్గర లేని పనిముట్టు పక్కవాడి దగ్గర దొరుకుతుంది. మీ పటంలో ఈ వీధులు ఒకటో క్రాస్, రెండో క్రాస్, మూడో క్రాస్. మా నోట్లో మాత్రం, "కమాన్ల షాపులు దాటి, డీజిల్ పంపుల వాళ్ల దగ్గర ఎడమకు తిరిగి, పాత టైర్ల గుట్ట కనిపించాక అడుగు." ఎక్కడో ఒడిశా నుంచో, మధ్యప్రదేశ్ నుంచో వచ్చిన డ్రైవరుకు ఐదో క్రాస్ అంటే ఏమి తెలుస్తుంది? విరిగిన కమాను అతని చేతిలోనే ఉంది. దాన్ని చూపిస్తాడు, వేలు చూపిస్తారు. అంకెలు పండకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ పనే చిరునామా.

సినిమావాళ్లకు ఆటోనగర్ అంటే ఇనుప రాడ్లు, నల్ల చొక్కాలు, మధ్యాహ్నం పూట తగాదాలు. మధ్యాహ్నం పూట ఇక్కడ ఎవరికీ తగాదా పడే తీరిక ఉండదు. భోజనం క్యారేజీ విప్పే తీరికే దొరకదు. సరే, అది వేరే సంగతి.

ఇప్పుడు చాసిస్ రావడం బాగా తగ్గింది. కంపెనీలే క్యాబిను, తొట్టి బిగించి పంపుతున్నాయి. బస్సు బాడీలకు ప్రత్యేకమైన కోడ్ వచ్చింది, గుర్తింపు ఉన్నవాళ్లే కట్టాలన్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబినుకు ఏసీ తప్పనిసరి చేశారు. డ్రైవరు ఒంటికి అది మంచిదే, చెక్క పెట్టె మీద కూర్చుని వచ్చిన వాళ్లను చూసినవాణ్ణి, కాదనను. కాని క్యాబిను కట్టే మేస్త్రి చేతికి ఆ పని ఇక రాదు. మూతపడ్డ షెడ్డు స్థానంలో షోరూము లేస్తుంది, దాని పక్కన ఆసుపత్రి, ఆ పైన అపార్టుమెంటు. 100 అడుగుల రోడ్డు పొడుగునా నడిచి చూడండి, వాడ ఎక్కడ ఆగిందో, నివాసాలు ఎక్కడ మొదలయ్యాయో గీత గీయడం కష్టం. ఈ షెడ్లన్నిటినీ నగరం బయటకు తరలించాలన్న మాట కూడా అప్పుడప్పుడు లేస్తుంది. తరలిస్తారో లేదో నేను చెప్పలేను. తరలినా తరలకపోయినా, కమాన్ల షాపు లేని చోట కమాన్ల షాపు దాటి రమ్మని ఎవరూ చెప్పరు. పడవల రేవుకు పేరైనా బోర్డు ఎక్కింది. మావాటికి అది కూడా లేదు.

నంబరు ప్లేటు సంగతి గుర్తుందా? ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా బండి అని దేశంలో ఏ దాబా దగ్గరైనా చెప్పేవారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ 39 వచ్చింది. లెక్కకు అది సులువు కావచ్చు. బెజవాడ బండి అని దూరం నుంచి గుర్తుపట్టి హారను కొట్టే ముచ్చట మాత్రం పోయింది. పోయేటప్పుడు ఎవరూ అడ్డుపడలేదు, ఎందుకంటే అదొక పేరని ఎవరికీ తోచలేదు.

మా చుట్టుపక్కల పేర్లు చూడండి, ఒక్కొక్కటి ఒక్కో అధ్యాయం. పటమటలో పంట కాలువ రోడ్డు ఉంది. పంట ఎక్కడ, కాలువ ఎక్కడ అని నవ్వుకోవచ్చు. ఆ నవ్వు వచ్చే చోటే బోర్డు పెట్టాలి, ఇక్కడ పొలాలు ఉండేవని చెప్పే సాక్షి ఆ పేరొక్కటే. ఆటోనగర్‌కు ఆనుకుని మహానాడు రోడ్డు ఉంది. 1983 జనవరిలో అధికారానికి వచ్చిన తెలుగుదేశం పార్టీ ఆ మే నెలలో విజయవాడలో మహానాడు జరిపింది, దేశం నలుమూలల నుంచి ప్రతిపక్ష నాయకులు వచ్చారు. పందిళ్లు విప్పేశారు, పేరు రోడ్డు మీద ఉండిపోయింది. గమనించండి, ఆ రోడ్డుకు నాయకుడి పేరు కాదు, జరిగిన సంగతి పేరు నిలిచింది. గురునానక్ కాలనీలో గురుద్వారా ఉంది. ఈ ఊళ్లో పంజాబీ మాట కూడా ఒకటని ఆ పేరు చెబుతుంది.

ఇక బెంజిసర్కిల్. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. విజయవాడకు వచ్చిన కొత్తవాళ్లు ఇక్కడ ఖరీదైన కార్లు అమ్ముతారేమో అనుకుంటారు. టాటా కంపెనీ 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. ఆ రోజుల్లో టాటా లారీ ముక్కు మీద మూడు కొసల చుక్క ఉండేది, దాన్ని మావాళ్లు బెంజి లారీ అనేవారు. ఈ కూడలి దగ్గర ఆ లారీలు అమ్మే చోటు ఉండేదని, ఆ పేరే సర్కిల్‌కు పట్టిందని పాతవాళ్లు చెబుతారు. అంటే ఊళ్లోకెల్లా ప్రసిద్ధమైన కూడలికి లారీ పేరు పెట్టుకున్నాం, అదీ ఎవరూ చెప్పకుండా. ఆ కూడలిలో చాలాకాలం కాకాని వెంకటరత్నంగారి విగ్రహం ఉండేది. 1972 జై ఆంధ్ర ఉద్యమానికి నడుం కట్టి, ఆ ఏడాది డిసెంబరులోనే కన్నుమూసిన నాయకుడాయన. ఆ విగ్రహం పక్కనే నిలబడి జనం బస్సు కండక్టరుతో బెంజిసర్కిల్ అనే చెప్పారు. దీనిలో అగౌరవం లేదు. విగ్రహానికి దండ వేస్తాం, టిక్కెట్టుకు మాత్రం నోటికి వచ్చిన పేరు చెబుతాం.

ఈ పేర్లు కేవలం ముచ్చట కోసం కావని 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు సగం నగరం నీళ్లలో నిలబడినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందకు పోతున్నప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లు ఫోన్లలో ఏమని చెప్పారు? డాబాకొట్ల సెంటరు, పైపుల రోడ్డు, వాంబే కాలనీ. డోరు నంబర్లు నీళ్ల కింద ఉన్నాయి, బోర్డులు నీళ్ల కింద ఉన్నాయి. పడవ నడిపేవాళ్లు చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చారు. వాళ్లకు దారి చూపింది ఆ ప్రాంతం కుర్రాళ్లు, ఈ నోటి పేర్లతోనే. వాంబే అన్నది కూడా వింతైన పేరే. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే కేంద్ర పథకం పేరులోని మొదటి అక్షరాలు కలిసి ఆ కాలనీ పేరయ్యాయి. పథకం ఎప్పుడో పోయింది. అక్కడి పిల్లలు బడి రిజిస్టరులో వాంబే కాలనీ అని రాసుకుంటున్నారు, అది ఏ పొడుగు మాటకు పొట్టిరూపమో చెప్పే బోర్డు ఒక్కటి పెట్టండి చాలు.

మీరు అడగవచ్చు, నాయకుల పేర్లు పెట్టవద్దంటావా అని. పెట్టండి. నేను ఆ పేచీలోకి దిగను. పార్టీ మారినప్పుడల్లా విశ్వవిద్యాలయం పేరు మారడం, తిరిగి మారడం ఈ ఊళ్లోనే చూశాం. మా పొరుగున తాడిగడప మునిసిపాలిటీకి ముందు ఒక నాయకుడి పేరు చేరడం, మళ్లీ తొలగడం కూడా చూశాం. రెండు సందర్భాల్లోనూ బస్సు దిగేవాళ్లు తాడిగడపలోనే దిగారు. నా భయం అది కాదు. తీర్మానం చేసి పెట్టిన పేరుకు ఫైలు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఆవిష్కరణ ఫొటో ఉంటుంది, తీసేస్తే నిరసన ఉంటుంది. జనం పెట్టిన పేరుకు ఇవేవీ లేవు. అది బోర్డు మీదకు ఎక్కకపోతే, చెప్పేవాళ్లు పోగానే పోతుంది, పోయిందని కూడా తెలియదు.

మా నాన్న పేరు పెట్టమనో, ఏ మేస్త్రి పేరో పెట్టమనో కూడా అడగడం లేదు. మేస్త్రీల పేర్లు మొదలుపెడితే ఎవరి మేస్త్రి పెద్ద అన్న పోటీ మొదలవుతుంది. అందులో కులం వస్తుంది, యూనియన్ వస్తుంది, ఆ తర్వాత మీరు కూడా ఆ వీధిలోకి రాలేరు. పని పేరు పెట్టండి. తొట్ల వరస, కమాన్ల వరస, లేత్‌ల వరస. అందులో అందరూ ఉంటారు. సీట్లకు రెక్సిన్ కుట్టిన ఆడవాళ్లు, తెల్లవారకముందే లేచి పనివాళ్లకు ఇడ్లీ వేసి అమ్మినవాళ్లు ఏ సంఘం పుస్తకంలోనూ సభ్యులు కారు. వాళ్లకు కూడా ఆ పేరులో చోటు దొరుకుతుంది.

చేయవలసిన పని విషయానికి వస్తాను. ఆటోనగర్ లోపల పన్ను వసూలు చేసేది పారిశ్రామిక వాడ స్థానిక సంస్థ అయిన ఐలా, గేటు దాటిన తర్వాత కార్పొరేషను. ఈ వీధి పేరు ఎవరి బాధ్యత అని అడిగితే ఇద్దరూ మర్యాదగా రెండోవారి వైపు చూపగలరు. అందుకే ఉత్తరం ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. వార్డు సచివాలయంలో ఒక పుస్తకం తెరవండి. వీధి కాగితం పేరు ఒకవైపు, జనం పేరు రెండోవైపు, కారణం కింద. కారణం విషయంలో ఇద్దరు రెండు కథలు చెబితే రెండూ రాయండి, తీర్పు చెప్పవద్దు. లబ్బీపేట పేరు గురించి మా టీ కొట్టు దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే మూడు కథలు వినపడతాయి. మూడూ రాసి పెట్టండి, తేల్చేవాళ్లు తర్వాత తేలుస్తారు. కథ దొరకని పేరుకు కథ కట్టవద్దు. ముఖ్యంగా పురాణంలో ముడిపెట్టవద్దు. ప్రతి గుట్ట మీదా అర్జునుడు తపస్సు చేసి ఉండడు.

బోర్డు మీద ఏమి రాయాలో మీకు తోచకపోతే మచ్చుకు ఇది: "పంట కాలువ రోడ్డు. పటమట ఊరుగా ఉన్న రోజుల్లో ఇక్కడ పొలాలు ఉండేవి, వాటికి నీరు వెళ్లిన కాలువ పేరే ఈ దారికి నిలిచింది." ఇంతే. దీనికి శిలాఫలకం అక్కరలేదు, ప్రారంభోత్సవం అక్కరలేదు. అక్షరాలు తెలుగులో ముందు రాయండి, పెద్దవిగా రాయండి. రాసేవాళ్లు కంప్యూటర్‌లో పేరు కొట్టేటప్పుడు ఒకసారి బయటకు చదివితే మంచిది. ఒకే పేరు రెండు బోర్డుల మీద రెండు రకాలుగా రాసి ఉండటం మనకు కొత్త కాదు. ఇనుప రేకు మీద స్టిక్కరు అంటిస్తే రెండు ఎండాకాలాల్లో ఊడిపోతుంది. రేకు మీద చేత్తో అక్షరాలు రాసే పెయింటర్లు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. లారీల మీద రాసే పని తగ్గి ఖాళీగా కూర్చున్నారు. ఆ బోర్డులు వాళ్లకు ఇవ్వండి. వాళ్లు వేసిన రంగు పదేళ్లు వాన తిన్నా చెక్కుచెదరదు, అది వాళ్ల వృత్తి.

ముందుగా లోపలి క్రాస్ రోడ్లతో మొదలుపెట్టండి. బెంజిసర్కిల్ ఎక్కడికీ పోదు. క్రాస్ రోడ్లలో మాత్రం షెడ్లు మారుతున్నాయి, ఏ వరసలో ఏ పని జరిగిందో వరసగా చెప్పగలిగినవాళ్లు డెబ్బై దాటినవాళ్లు. వాళ్లలో కొందరు ఇంకా షెడ్డుకు వస్తున్నారు, పని చేయకపోయినా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎవరి దగ్గరకు వెళ్లాలో చూపించడానికి నేను సిద్ధం, పుస్తకం నింపడానికి నా దస్తూరీ కూడా బాగానే ఉంటుంది. మీ మనిషిని పంపేటప్పుడు సాయంత్రం నాలుగు దాటాక పంపండి. ఉదయం పూట అయితే మేస్త్రీలు తల ఎత్తి మాట్లాడరు, లేత్‌ల మోతలో మాట్లాడినా వినపడదు.

ఇట్లు,
పటమటలో ఉంటూ ఆటోనగర్‌లో లెక్కలు రాసే ఒక గుమాస్తా